నాన్న ఊపిరి ఎవరి వంతు

జూన్ 4

వదినకు,

మన ఇంట్లో ఎవరు ఉత్తరం రాసినా "అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను" అని మొదలుపెడతారు. నేను తలచను. క్షేమంగా ఉన్న మనిషి "బాగానే" అన్నాక "ఉన్నాను" అనడానికి అంతసేపు తీసుకోడు. నిన్న ఫోన్‌లో నాన్న అంతసేపు తీసుకున్నాడు. ఆ "ఉన్నాను" వచ్చేలోపలే నువ్వు ఫోన్ లాక్కుని, "ఆయనకి ఆయాసం. నువ్వు అరిచేకొద్దీ ఎక్కువవుతుంది. ఏదైనా ఉంటే ఉత్తరం రాయి తల్లీ, నేను చదివి చెప్తాను" అన్నావు. సరే, రాస్తున్నాను. కాగితం మీద ఎంత అరిచినా ఎవరికీ ఆయాసం రాదుగా.

అసలు నేను అరవలేదు. నా గొంతే అంత. గాజు కొలిమి పక్కన పుట్టి పెరిగినవాళ్లం, ఆ హోరులో మెల్లగా అడిగితే మంచినీళ్లు కూడా ఇచ్చేవాళ్లు కాదు. నువ్వు పెళ్లై వచ్చినదానివి. నీకు మెత్తని గొంతు పెట్టుకునే వీలుంది.

ఇప్పుడు నా ప్రశ్న. గుండె ఆపరేషన్ బాగా జరిగిందని పెద్ద డాక్టర్ నా ఎదుటే చెప్పాడు. మరి నాన్న మంచం నుంచి వరండా దాకా నడవడానికి మధ్యలో గోడ ఎందుకు పట్టుకుంటున్నాడు? అన్నని అడిగితే ఒకటే పాట. వదిన నడిపిస్తోంది, వదిన తల దువ్వుతోంది, వదిన ముద్దలు పెడుతోంది. కోసింది ఛాతీని కదా, చేతుల్ని కాదే.

మా ఫ్యాక్టరీ వెనక ఒక చదువుగది ఉంది. అక్కడ దొరికిన కరపత్రంలో ఇలా ఉంది: "సేవ పేరుతో మనిషిని మంచానికి కట్టేయడం కూడా పెత్తనమే." దాని కింద గీత గీశాను. నీ కోసమే గీశాను. ఆయన జీవితమంతా గొట్టం పట్టుకుని గాజు ఊదిన మేస్త్రీ. అలాంటి మనిషిని చంటిపిల్లాణ్ని చేసి జోకొడితే ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది?

"అంత ప్రేమ ఉంటే ఆసుపత్రి నుంచి తిన్నగా ఇంటికే రావాల్సింది" అని నువ్వు అనవు. నీకు అనడం రాదు, చూడటం వచ్చు. ఆ చూపు ఇక్కడిదాకా తగులుతోంది. నేనేం షికారుకి రాలేదు. ఈ బల్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఆడవాళ్లం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటాం. కూర్చోవడానికి స్టూళ్లు కావాలని అర్జీ పెట్టాం. అందరి తరఫునా మాట్లాడేది నేనే. నేను సెలవు మీద పోతే ఆ అర్జీ మేనేజరు సొరుగులోకి పోతుంది. నాన్నకి నువ్వున్నావు. వీళ్లకి నేను తప్ప ఎవరున్నారు?

ఇక్కడ బల్బుల్ని మనిషి ఊదడు, యంత్రం ఊదుతుంది. దానికి ఎప్పుడూ ఆయాసం రాదు. దాన్ని చూస్తే నాకు ఒళ్లుమంట.

ఆయన్ని నడవనివ్వు. పట్టుకోకు.

కోపంతో, నీ మీద కాదు, కొంచెం నీ మీదే,
రవ్వ


జూన్ 10

రవ్వకి,

నీ ఉత్తరం అందింది. కవరు విప్పడానికి పటకారు వాడాల్సింది, చేత్తో విప్పి కాల్చుకున్నాను.

ముందు చేతుల సంగతి. ఛాతీ ఎముకని రెండుగా కోసి తీగలతో కుట్టారు. చేయి తల దాకా ఎత్తితే ఆ కుట్టు లాగుతుంది. అందుకని దువ్వుతున్నాను. ముద్దలు పెట్టింది ఇంటికొచ్చిన రెండు పూటలే. మీ అన్న ఏదైనా ఒకసారి చూస్తే అది నిత్యం జరుగుతున్నట్టే చెబుతారు. నన్ను మొదటిసారి చూసిన రోజు నేను నవ్వానట, "మా ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది" అని ఇప్పటికీ ఊరంతా చాటుతున్నారు. నువ్వైనా నమ్మకు.

ఇక ఆయాసం. డాక్టర్ మళ్లీ పరీక్ష చేశాడు. గుండె బాగుంది, కాళ్లలో వాపు లేదు, నీరు చేరలేదు. కుట్లు నొప్పి పుడతాయని మామయ్య పిట్టలా చిన్నచిన్న ఊపిరి తీసుకుంటున్నారట. దానివల్ల ఊపిరితిత్తుల అడుగుభాగం విచ్చుకోవడం లేదట. అలాగే ఉంటే కఫం పట్టి జ్వరం వస్తుంది, మళ్లీ ఆసుపత్రే. దానికి విరుగుడుగా ఒక బంతుల డబ్బా ఇచ్చారు. ప్లాస్టిక్ డబ్బా, మూడు గదులు, గదికో బంతి, పక్కనే ఒక గొట్టం. ఊపిరి నిండుగా ఆడితే బంతులు పైకి లేస్తాయి. ఎలా చెయ్యాలో ఆసుపత్రిలో నర్సమ్మ చూపించింది. ఈయన ముఖం తిప్పుకుని, "ఊపిరి సంగతి నాకు నువ్వు నేర్పుతావామ్మా" అన్నారు. ఆ పిల్లకి పాపం ఈయన పనేంటో తెలియదు.

ఇంట్లో రోజూ చేస్తున్నారు, కాదనను. కానీ తలుపు వేసుకుని చేస్తారు. ఎవరూ చూడకూడదట. బయటికి వచ్చేసరికి ముఖం కందిపోయి ఉంటుంది. "బంతులు లేచాయా" అంటే "నీ పని చూసుకో" అంటారు. పట్టుకోవద్దన్నావు కదా, మొన్న పట్టుకోలేదు. వరండా గడప దగ్గర కూలబడ్డారు. మళ్లీ పట్టుకుంటున్నాను. నీ కరపత్రానికి నా క్షమాపణ చెప్పు.

దగ్గు వస్తే ఛాతీకి దిండు గట్టిగా అదుముకోవాలి, లేకపోతే కుట్లు విచ్చుకున్నంత బాధ. చిన్న దిండు కుట్టాను. బీరువా అడుగున నీ నీలం గౌను ఉంటే దాన్నే కత్తిరించాను. నీకు చెప్పకుండా తీశానని ఏమీ అనుకోకు.

స్టూళ్లు వచ్చాయా? నాకూ ఒకటి పంపు. ఈ ఇంట్లో నేను కూర్చుని చాలా కాలమైంది.

ఉంటాను,
వదిన


జూన్ 16

గౌరవనీయులైన వదినగారికి,

ఇకమీదట మిమ్మల్ని మీరు అనే అంటాను. దూరం ఎంత ఉందో తెలియాలి కదా.

ఆ గౌను నా మొదటి జీతంతో కొనుక్కున్నాను. ఒక్కసారే వేసుకున్నాను. ఆ రోజు నాన్న చూసి, "ఎవరే ఈ దొరసాని" అన్నాడు. నా జన్మలో ఆయన నా గురించి అన్న మంచి మాట అదొక్కటే. మీరు దాన్ని కత్తిరించారు. కత్తిరించి, దూది కూరి, ఆయన గుండెకి ఆనించారు. గుడ్డ నాది, కుట్టు మీది. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన "కోడలు కుట్టిన దిండు" అని అదుముకుంటాడు. ఒకరి వస్తువు తీసుకుని తన పేరు మీద దానం చేయడాన్ని మేము చదివిన పుస్తకాల్లో దోపిడీ అంటారు. ఇంట్లో ఏమంటారో మీకే తెలియాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ ఇంట్లో ఏ మాటకి ఏ అర్థమో నిర్ణయించేది మీరే, నడిపించేది మీరే, గడప దగ్గర కూలబడితే లేపేది మీరే, అడిగితే "నీ పని చూసుకో" అనిపించుకునేదీ మీరే, ఆ తిట్టు కూడా నాకు దక్కడం లేదు.

అవును, తిట్టు మీద కూడా నాకు ఈర్ష్యే. నవ్వుకోండి.

నేను ఆయన్ని ఏదడిగినా "బాగానే" అంటాడు. "బాగానే" అనేది పరాయివాళ్లకి చెప్పే మాట. మీకు తిట్లు, నాకు "బాగానే".

స్టూళ్ల గురించి వెటకారం వద్దు. నిన్న మేనేజరు, "మీ నాన్నకి ఒంట్లో బాలేదటగా, ఇంటికి పోరాదూ" అని ఎంతో దయగా అన్నాడు. నేను పోతే అర్జీ పోతుంది, అదీ ఆయన దయ. మీ ఇద్దరి దయా ఒకేలా ఉంది.

భవదీయురాలు,
మేస్త్రీగారి కూతురు


జూన్ 23

రవ్వా,

నువ్వు మీరు అన్నా సరే, నేను నువ్వే అంటాను. నాకు అంత ఓపిక లేదు.

నీ ఉత్తరం రాగానే మామయ్య చేయి చాచారు. "మా రవ్వ రాత, నేనే చదువుతా" అన్నారు. నేను వద్దనేలోపే కళ్లజోడు పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. "గౌరవనీయులైన వదినగారికి" దగ్గర ఒక ఊపిరి. "మీరు" దగ్గర ఆగి నా వైపు చూశారు. "ఇదేంటి, నిన్ను మీరంటోంది? తలకి దెబ్బేమైనా తగిలిందా దానికి?" అన్నారు. తరువాత దోపిడీ దాకా వచ్చారు. ఆ పొడుగు వాక్యం మొదలుపెట్టి సగంలో గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు. "దీనికి చుక్క పెట్టడం ఎవరూ నేర్పలేదా" అన్నారు. మిగతాది నన్ను చదవమన్నారు. నన్ను తిట్టిన తిట్లు నా నోటితోనే చదివాను. మీ అన్న భోజనం చేస్తూ విన్నారు. నేను చదువుతుంటే వడ్డించే దిక్కు లేక రెండోసారి అన్నం అడగలేదు.

అంతా అయ్యాక మామయ్య, "గౌను నేనే అడిగానని రాయి" అన్నారు. అదీ సంగతి. నేను మొదట నా పాత శాలువాతో దిండు కుట్టాను. మెత్తటిది, చాలా ఇష్టమైనది. ఆయన రెండుసార్లు దగ్గి, పక్కన పెట్టేసి, "బీరువాలో రవ్వ నీలం గౌను ఉండాలి చూడు" అన్నారు. నీకు చెప్పొద్దన్నారు కాబట్టి తప్పు నా నెత్తిన వేసుకున్నాను. నా శాలువా దిండు మీద ఇప్పుడు పిల్లి పడుకుంటోంది. నాకూ మనసుంది రవ్వా. కుళ్లుకునే హక్కు కూతుళ్లకే రాసివ్వలేదు.

ఇంకో సంగతి. ఇది చెప్పడానికి భయంగా ఉంది. మొన్నటి నుంచి సాయంత్రాలు మామయ్యకి ఒళ్లు వెచ్చబడుతోంది. డాక్టర్ విని, వచ్చే పరీక్ష నాటికి బంతులు లేవకపోతే మళ్లీ చేర్చుకోవాలి అన్నాడు. అందుకని ఇవాళ తలుపు సందులోంచి చూశాను. బుగ్గలు బూరెల్లా ఉబ్బి, కళ్లు బయటికొచ్చేలా ఆయన శక్తంతా పెడుతున్నారు. బంతులు అడుగున రాళ్లలా కూర్చున్నాయి. ఒక్కటి కూడా కదల్లేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశారు. తరువాత తనలో తాను, "అయిపోయింది" అన్నారు.

నేను మీ అన్నతో కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను. ఎందుకో తెలియదు.

వదిన


జూన్ 26

వదినా,

మీరు గీరు తరువాత. ఫోన్ చేశాను, నాన్నే ఎత్తాడు, "బాగానే" అని పెట్టేశాడు. అన్నకి చేస్తే కొలిమి హోరులో "ఆ? ఆ?" తప్ప ఏమీ లేదు. మా ఫ్యాక్టరీలో పగిలిన గాజుని మన కొలిమి షెడ్డుకి తెచ్చే లారీ డ్రైవరు చేతికి ఇది ఇస్తున్నాను. నీ చేతికే ఇవ్వమన్నాను.

బుగ్గలు ఉబ్బాయి అని రాశావు. ఉబ్బకూడదు వదినా.

నీ ఉత్తరం పట్టుకుని మా ఫ్యాక్టరీ మందుల గదికి పోయాను. అక్కడ ఆ బంతుల డబ్బా గురించి ఒక కరపత్రం ఉంది. అందులో రాసిందేదీ నేను చదవలేదు. బొమ్మ చూశాను. బొమ్మలో మనిషి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ఆ డబ్బాని ఊదకూడదు. ఆ గొట్టంలోంచి గాలి లోపలికి లాగాలి, నిదానంగా, కడుపు నిండేదాకా. అప్పుడే బంతులు లేస్తాయి. ఆయన బయటికి ఊదుతున్నాడు. ఏనుగుని తెచ్చి ఊదించినా ఆ బంతులు లేవవు.

నర్సమ్మ చూపించినా ఆయన ఎందుకు వినలేదో నీకు తెలియదు, నువ్వు కొలిమి పిల్లవి కాదు. అక్కడ మొదటి పాఠం, గొట్టం నోట్లో ఉండగా ఊపిరి లోపలికి తీయకూడదు. అటు చివర ఎర్రగా కాలే గాజు ఉంటుంది. ఆ ఉడుకు గాలి లోపలికి పోతే ఊపిరితిత్తులు కాలిపోతాయి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ ఆయన ముందు ఆ మాట చెప్పి, వెనకే వీపు మీద ఒకటి ఇచ్చేవాడు, మర్చిపోకుండా. జీవితమంతా ఇతరులకి చెప్పింది ఇప్పుడు తనే ఎలా తప్పుతాడు? గొట్టం పెదవికి తగిలితే చాలు, ఆ ఒంటికి ఊదడమే తెలుసు.

ఆయన ఊపిరి అయిపోలేదు. తలకిందులుగా వాడుతున్నాడు, అంతే.

వెంటనే చెప్పు. చెప్పేటప్పుడు ఇది రవ్వ కనిపెట్టిందని చెప్పు. మరిచిపోయినట్టు నటించకు. నీ దగ్గర ఆయన తల ఉంది, భుజం ఉంది, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆయన గొంతు ఉంది. ఈ ఒక్కటి నాది.

రవ్వ


జూలై 5

రవ్వా,

చెప్పాను. నీ పేరు మొదటే చెప్పాను, వేరే ఏ మాటా రాకముందే.

ఆయన డబ్బా పక్కన పెట్టారు. "నా బుగ్గలు ఉబ్బుతున్నాయని దానికెలా తెలుసు?" అన్నారు. నేను రాశానన్నాను. "నీకెలా తెలుసు?" తలుపు సందు అన్నాను. అంతే, ఆ రోజు నుంచి నాతో మాటల్లేవు. కావాల్సినవి మీ అన్నతో అడుగుతారు, నేను ఎదురుగా ఉన్నా సరే. "మంచినీళ్లు తెమ్మని చెప్పరా." మీ అన్న తిరిగి నాతో, "మంచినీళ్లట." ఊపిరి పేరు నీది, అలక నామీద. పంపకం బాగుంది.

డబ్బా సంగతి విను. మొదట లాగడానికి ఒప్పుకోలేదు. ఇది చల్లటి గొట్టం, అటు చివర నిప్పు లేదు అంటే, "తెలుసు, నాకేం మతి పోలేదు" అంటారు. గొట్టం నోట్లో పెట్టుకుంటారు, లాగాలనుకుంటారు, చెయ్యి దానంతటదే గొట్టాన్ని బయటికి పీకేస్తుంది. ఆయన ప్రమేయం లేదు. ఆ చేతిని ఆయనే కోపంగా చూశారు, పరాయి మనిషి చెయ్యిలా. చివరికి మీ అన్నని రెండు చేతులూ పట్టుకోమన్నారు. డబ్బా నేను పట్టుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకుని లాగారు. మొదటి బంతి ఉలిక్కిపడినట్టు లేచి పడిపోయింది.

వెంటనే దగ్గు. నీ నీలం దిండు. దగ్గు అయ్యాక, "ఇంకోసారి" అన్నారు, నా వైపు చూడకుండా.

జ్వరం తగ్గింది. డాక్టర్ చేర్చుకోనక్కర్లేదన్నాడు. రెండో బంతి అప్పుడప్పుడు లేస్తోంది. వరండాకి గోడ పట్టుకోకుండా పోతున్నారు.

ఇలా అన్నారు, నువ్వు అడుగుతావని రాస్తున్నాను: "కొలిమిలో అడుగుపెట్టనివ్వకపోయినా కొలిమి దానికే వచ్చింది."

ఆ మాట రాసేటప్పుడు నా కలం రెండుసార్లు ఆగింది. అయినా రాశాను చూడు.

వదిన


జూలై 11

వదినా,

మొదటి బంతి నాది. రెండోది కూడా నాదే. మూడోది లేచినప్పుడు అందులో నీకు సగం ఇస్తాను, డబ్బా పట్టుకున్నందుకు.

ఆయన మాట ఉన్న చోట కాగితాన్ని మడిచి, మడత చిరిగేదాకా చదివాను. మా గదిలో అందరికీ చదివి వినిపించాను. వాళ్లకేం అర్థం కాలేదు. అయినా చప్పట్లు కొట్టారు, నేను ఊరుకోనని తెలుసు.

స్టూళ్లు ఇచ్చారు. కూర్చుంటే బల్ల గడ్డం దాకా వస్తోంది, బల్బులు అందవు. ఇప్పుడు స్టూలు పక్కన నిలబడి పని చేస్తున్నాం. బల్లల కోసం రెండో అర్జీ రాస్తున్నాను. మేనేజరు నన్ను చూస్తే మీ మామయ్యలా ఆయాసపడుతున్నాడు.

అలక తీరిందా? తీరకపోయినా నాకేం బాధ లేదు, నిజం చెప్పాలంటే.

గెలిచిన,
రవ్వ


ఆగస్టు 20

రవ్వా,

అలక తీరింది. ఎలా తీరిందో చెబితే నీకు నచ్చదు. దాచడం నాకు చేతకాదు, దాచితే మీ అన్న చెప్పేస్తారు. అందుకని నేనే చెబుతున్నాను.

మూడు బంతులూ లేస్తున్నాయి. డాక్టర్ షెడ్డుకి పోవచ్చన్నాడు, బరువులు ఎత్తకూడదు, ఊదకూడదు, కొలిమికి దూరంగా గాలి తగిలే చోట కూర్చోవాలి. అలాగే కుర్చీ వేయించారు. ఇన్నాళ్లూ మీ అన్న ఒక్కరే ఊదడం, ఒక్కరే దిద్దడం. లాంతరు చిమ్నీల్లో సగం వంకర. మామయ్య అది చూసి, "వీడికి చెయ్యి ఉంది, కన్ను లేదు. వీడు దిద్దుకోనీ. ఊదే మనిషి కావాలి" అన్నారు. నేను గుమ్మం దగ్గర టీ పట్టుకుని నిలబడ్డాను. ఇన్ని వారాల తరువాత నా ముఖం చూసి మాట్లాడారు. "ఆ గ్లాసులు అక్కడ పెట్టి, వచ్చి ఊదు" అన్నారు.

నేను అడిగాను రవ్వా, నీ కోసమే అడిగాను. "మీ కూతుర్ని గుమ్మం దాటనివ్వలేదు, నన్నెలా రమ్మంటున్నారు?" అన్నాను. ఆయన ఏమన్నారో విను. "కూతురి ముఖం మీద నిప్పు పడితే నేను చూడలేను. నీ ముఖం మీద పడితే వాడు చూసుకుంటాడు." మీ అన్న, "నేనా?" అన్నారు. ఇది విని నువ్వు ఏడవాలో నేను ఏడవాలో నాకు తెలియలేదు. టీ చల్లారిపోయింది.

ఊదాను. మీ అన్న బల్ల దగ్గర కూర్చుని గొట్టం దొర్లిస్తూ ఆకారం దిద్దుతారు. అటు చివర నేను మోకాళ్ల మీద కూర్చుని ఊదుతాను. మామయ్య కుర్చీలోంచి "ఊదు" అంటారు, "చాలు" అంటారు. అంతే పని. నా ఊపిరి ఎర్రటి గాజు ముద్దలోకి పోయి అది మెల్లగా లావెక్కుతుంటే, నిజం చెబుతున్నాను, పెళ్లై ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి ఈ ఇంటి మనిషినని అనిపించింది.

కానీ పగలగొడుతున్నాను. ఆయన "చాలు" అనేసరికి బుడగ పల్చబడిపోయి పగులుతోంది. ఆయన గొంతు పూర్వంలా లేదు, ఆ హోరులో నాకు ఆలస్యంగా అందుతోంది. నా తొందర, ఆయన కోపం. ఇంటికి వచ్చేసరికి ఆయనకి మళ్లీ ఆయాసం. నన్ను తిట్టి తిట్టి తెచ్చుకుంటున్నారని మీ అన్న అంటున్నారు. ఇంకొక వారం చూసి వేరే ఎవరినైనా పెడదాం అంటున్నారు. అదే మంచిదేమో. ఆయన ఊపిరి కంటే నాకు ఆ గొట్టం ఎక్కువ కాదు.

నీ కోపం ఎంత పొడుగైనా రాయి. ఇప్పుడు ఒకే ఊపిరిలో చదువుతారు.

వదిన


ఆగస్టు 26

వదినా,

ఇది కూడా లారీ డ్రైవరు చేతికే ఇస్తున్నాను. నీ చేతికే రావాలి. ఎందుకో చివర చెబుతాను.

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఒకదాంట్లో నిన్ను మెచ్చుకున్నాను, అది అబద్ధం. రెండోదాంట్లో తిట్టాను, అది నిజమే గానీ చేతిరాత చూసి నాకే సిగ్గేసింది. ఇది మూడోది.

సమానత్వం గురించి నేను చదివిన ప్రతి ముక్క ప్రకారం, ఒక ఆడమనిషి కొలిమి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని గొట్టం పట్టిన రోజు నేను ఎగిరి గంతెయ్యాలి. ఆ ఆడమనిషి నేను కాకపోతే ఏం చెయ్యాలో ఏ కరపత్రంలోనూ లేదు. వెతికాను. ఆయనకి ఊపిరి ఎలా తియ్యాలో నేను చెప్పాను. ఆ ఊపిరి రాగానే ఆయన చేసిన మొదటి పని నిన్ను పిలవడం. కూతురి ముఖమట. నా ముఖం నేను కాల్చుకునేదాన్ని, ఆయన సొమ్మేం పోయింది?

నీ ఉత్తరం చదివాక ఒక పూటంతా ఊరుకున్నాను. ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. వారం తిరిగేసరికి నువ్వే మానేస్తావు. ఆ చోటు ఖాళీ అవుతుంది. ఈ ఆలోచన నాకు ఎంత తియ్యగా ఉందో నీకు చెప్పకపోతే ఇక రాయబోయేదానికి విలువ ఉండదు. బల్బులు సర్దుతూ అదే చప్పరిస్తూ ఉన్నాను. కానీ నువ్వు రాసిన ఒక్క ముక్క గొంతులో అడ్డం పడింది. షెడ్డు నుంచి వచ్చేసరికి మళ్లీ ఆయాసం, అన్నావు.

తిట్టినందుకు కాదు వదినా. తిడితే ఆయనకి ఆకలేస్తుంది, ఆయాసం రాదు.

నువ్వూ అన్నా ఇద్దరూ గాజు వైపు చూస్తారు. పనిలో ఉన్నవాళ్లు అటే చూడాలి. నేను గుమ్మంలోనే నిలబడి పెరిగాను. అక్కడి నుంచి నాకు కనిపించింది ఆయన వీపు ఒక్కటే. ఎన్నేళ్లో చూశాను, వేరే చూడటానికి ఏముంది? ఎవరు ఊదుతున్నా సరే, ఊదడం మొదలుకాగానే ఆయన భుజాలు పైకి లేచి అక్కడే ఆగిపోయేవి. ఊదేది వాళ్లు, ఊపిరి బిగపట్టేది ఆయన. బుడగ సరైన మందానికి రాగానే భుజాలు దిగేవి. "చాలు" అనే మాట ఆ తరువాత వచ్చేది. ఎప్పుడూ ఆ తరువాతే. అన్న అందుకే చిన్నప్పుడు అన్ని పగలగొట్టేవాడు, మాట కోసం ఆగేవాడు. ఆయనకి తన సంగతి తెలియదు. అన్నకీ తెలియదు. నేను ఎవరికీ చెప్పలేదు. లోపలికి రానివ్వనివాళ్లకి నేనెందుకు చెప్పాలి?

కాబట్టి విను. కుర్చీని నీకు ఎదురుగా వేయించు. ఎండ పడుతోందనో పొగ అనో ఏదో ఒకటి చెప్పు. ఊదుతూ గాజుని చూడకు, ఆయన భుజాలు చూడు. అవి దిగిన క్షణం ఆపు. చెవితో పని లేదు. ఇంకా ముఖ్యమైనది, నువ్వు ఎంతసేపు ఊదితే అంతసేపు ఆయనకి ఊపిరి ఆడదు. నువ్వు కొత్తదానివి, భయంతో ఒకే దమ్ములో పొడుగ్గా ఊదుతూ ఉంటావు. ఆయన నీతో పాటు బిగపట్టి కూర్చుంటున్నాడు. ఆయాసం అక్కడిది. చిన్నచిన్నగా ఊదు. మధ్యలో ఆగు. నువ్వు ఆగితేనే ఆయన పీలుస్తాడు.

నాకు ఇంకా కుళ్లుగానే ఉంది. ఇది రాసేస్తే పోతుందనుకున్నాను, పోలేదు. బల్లల సంగతి తేలగానే వస్తాను. వచ్చాక ఆ మోకాళ్ల చోటు కోసం నీతో దెబ్బలాట తప్పదు. ఆయన అడ్డం వస్తే ఆయనతో కూడా.

చదివాక దీన్ని కొలిమిలో పడెయ్యి. నాన్న చదవకూడదు. తన భుజాల సంగతి తెలిసిందంటే వాటిని బిగించుకుని కూర్చుంటాడు, అప్పుడు నీకు ఆనవాలూ ఉండదు, ఆయనకి ఊపిరీ ఉండదు. రవ్వ ఉత్తరం ఏదీ అని అడిగితే ఈసారి రాయలేదని చెప్పు. బుడగలు పగలడం లేదేంటి, ఎవరు నేర్పారు అని అడిగితే, నా అంతట నేనే కనిపెట్టానని చెప్పు.

రవ్వ